54 ఫిలమెంట్ల నయోబియం-టైటానియం తీగ: ల్యాబ్ మాగ్నెట్‌కు ఎంతవరకు పనికొస్తుంది?

ద్రవ హీలియంలో 6 టెస్లాల దాకా నడిచే సొలినాయిడ్ (తీగచుట్ట అయస్కాంతం) చుట్టాలంటే, రాగి మాట్రిక్స్‌లో, అంటే రాగిలో పొదిగి, 54 ఫిలమెంట్లు (సన్న పోగులు) ఉన్న 0.7 మిల్లీమీటర్ల తీగ చక్కగా సరిపోతుంది. కొనేవాళ్లు ముందుగా ఫిలమెంట్ల లెక్క అడుగుతారు. అంతకన్నా ముందు అడగాల్సింది క్రిటికల్ కరెంట్ (అతివాహకత్వం పోకుండా తీగ మోయగల గరిష్ఠ కరెంటు) టెస్ట్ షీట్.

ఎందుకంటే ఈ తీగ సత్తా అంతా లోపలి నానో కణాల్లో ఉంది. మిశ్రలోహంలో బరువు ప్రకారం 47 శాతం టైటానియం. 9 కెల్విన్‌ల చుట్టుపక్కల అతివాహకమవుతుంది, అంటే విద్యుత్ నిరోధం లేకుండా పోతుంది. తయారీలో 375-420 డిగ్రీల సెల్సియస్ దగ్గర విడతకు 40 నుంచి 80 గంటలు వేడిచేసి, విడతల మధ్య వేడి లేకుండా సాగదీస్తారు. అప్పుడు ఆల్ఫా టైటానియం (టైటానియం ఎక్కువగా ఉండే ఒక రూపం) మిశ్రలోహం నుంచి కణాలుగా విడిపోతుంది. చివరి సాగదీతలో అవి కొన్ని నానోమీటర్ల మందానికి నలుగుతాయి. అతివాహకం కాని ఈ కణాలే అయస్కాంత అభివాహాన్ని (తీగలోకి చొచ్చుకొచ్చిన క్షేత్ర రేఖలను) కదలకుండా పట్టి ఉంచుతాయి. పట్టు తప్పి అభివాహం కదిలిందా, వేడి పుడుతుంది, అతివాహకత్వం పోతుంది. ఈ హీట్ ట్రీట్‌మెంట్‌లో లోపముంటే ఎన్ని ఫిలమెంట్లున్నా దండగే.

మంచి సరుకు 4.2 కెల్విన్, 5 టెస్లాల దగ్గర చదరపు మిల్లీమీటరుకు 2500 ఆంపియర్లకు పైగా ఇవ్వాలి. రాగి, మిశ్రలోహం 1.3:1 పాళ్లలో ఉంటే 0.7 మిల్లీమీటర్ల తీగలో అతివాహక భాగం 0.167 చదరపు మిల్లీమీటర్లు. అంటే 400 ఆంపియర్లకు కాస్త పైన. లోడ్ లైన్ (కరెంటుతో పాటు చుట్టలో క్షేత్రం పెరిగే గీత) తీగ హద్దును తాకే చోటుకు 70 శాతం దాటకుండా డిజైన్ చేయండి. ఆ చలిలో లోహాల ఉష్ణధారణ ఎంత తక్కువంటే, ఒక చుట్టు రవ్వంత జరిగినా క్వెంచ్ అవుతుంది, అంటే అతివాహకత్వం ఉన్నట్టుండి పోతుంది. అందుకే తీగను ఒకే బిగువుతో చుట్టి, ఖాళీలు మిగలకుండా ఎపాక్సీ నింపాలి.

అసలు తలనొప్పి జాయింట్లు. పవర్ సప్లై ఎప్పుడూ తగిలించే ఉంచేట్టయితే రెండు కొసలను పక్కపక్కన పెట్టి పది సెంటీమీటర్ల మేర మామూలు టంకం వేస్తే చాలు. సప్లై తీసేసి, కరెంటు చుట్టలోనే తగ్గకుండా తిరుగుతుండే పర్సిస్టెంట్ మోడ్‌లో నడపాలంటే అది పనికిరాదు, జాయింట్ కూడా అతివాహకం కావాలి. నైట్రిక్ ఆమ్లంతో రాగిని తీసేస్తే ఫిలమెంట్ల మీద వెంటనే ఆక్సైడ్ పట్టి టంకం అంటదు. పైగా విష వాయువులు, ఫ్యూమ్ హుడ్ లేకుండా చేయకూడదు. మెరుగైన దారి: కొసలను కరిగిన తగరంలో ఉంచి రాగిని కరగనిచ్చి, గాలి తగలనీయకుండా కరిగిన సీసం-బిస్మత్ మిశ్రలోహపు బాత్‌లోకి మార్చాలి. ఆ బాత్ 125 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. జాయింట్‌ను మాత్రం ఒక టెస్లా లోపు క్షేత్రమున్న చోటే పెట్టాలి. మిగతా చుట్టకు 300 డిగ్రీలు మించిన వేడి తగలనివ్వొద్దు. కణాలు ముదిరి పట్టు సడలుతుంది.

ఈ తీగలో నాకు నచ్చనిది ఒక్కటే: ఒక్కో ఫిలమెంట్ 60 మైక్రాన్లకు పైగా ఉంటుంది. అందువల్ల కరెంటు సున్నా చేసినా మాగ్నెట్‌లో అవశేష క్షేత్రం మిగులుతుంది. తక్కువ క్షేత్రంలో కొలతలు తీసేవాళ్లు కరెంటును అటూ ఇటూ తిప్పుతూ క్రమంగా తగ్గించాలి, లేదా సన్న ఫిలమెంట్ల తీగ కొనాలి. సెర్న్ ఎల్‌హెచ్‌సీ (కణాలను ఢీకొట్టించే భారీ యంత్రం) డైపోల్ మాగ్నెట్లలో ఫిలమెంట్లు 6-7 మైక్రాన్లే. అక్కడ 8.33 టెస్లాలు రాబట్టడానికి ఇదే మిశ్రలోహాన్ని 1.9 కెల్విన్‌లకు చల్లబరుస్తారు. 4.2 కెల్విన్‌లలోనే 9 టెస్లాలు దాటాలనుకుంటే ఈ తీగ వద్దు, నయోబియం-టిన్ చూసుకోండి.