1966 మస్టాంగ్‌కు 3.55 రియర్ యాక్సిల్: ఓవర్‌డ్రైవ్‌తో కొన్నేళ్ల అనుభవం

పాత ఫోర్డ్ మస్టాంగ్ కారులో నాలుగు గేర్ల బాక్సు తీయించి, ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజిన్‌ను నెమ్మదిగా తిప్పే పై గేరు) ఉన్న అయిదు గేర్ల టీ-5 బాక్సు పెట్టించుకున్నవారిలో చాలామంది వెనక యాక్సిల్ జోలికి పోరు. చక్రం ఒక చుట్టు తిరగడానికి గేర్ బాక్సు నుంచి వచ్చే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పేదే యాక్సిల్ రేషియో. నేను ఒకే కారును మొదట 3.00 రేషియోతోనూ, తరువాత కొన్నేళ్లుగా 3.55తోనూ టెక్సస్‌లో నడుపుతున్నాను. రెండింటిలో 3.55 ఎంతో మేలైనదని నా నిశ్చితాభిప్రాయం.

గంటకు మైళ్లలో వేగాన్ని యాక్సిల్ రేషియోతోనూ, గేరు రేషియోతోనూ, 336తోనూ గుణించి, టైరు వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని భాగిస్తే ఇంజిన్ ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) తెలుస్తుంది. నా 205/70 ఆర్14 టైరు వ్యాసం 25.3 అంగుళాలు, టీ-5లో అయిదో గేరు 0.68. ఈ లెక్కన 70 మైళ్ల వేగంలో ఇంజిన్ 3.00తో సుమారు 1900, 3.55తో సుమారు 2240 తిరుగుతుంది. తేడా చిన్నదే అనిపించవచ్చు గానీ, రెండు బ్యారళ్ల కార్బురేటర్ ఉన్న 289 ఘనపు అంగుళాల ఇంజిన్‌కు గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) 2400 ఆర్పీఎం దగ్గర వస్తుంది. 3.00తో నడిపిన రోజుల్లో డల్లాస్ నుంచి హ్యూస్టన్ వెళ్లే దారిలో ఎదురుగాలి వీచినా, ఫ్లైఓవర్ ఎక్కాల్సి వచ్చినా ఇంజిన్ మూలిగేది, నాలుగో గేరుకు దిగక తప్పేది కాదు. ఇప్పుడు అదే ఫ్లైఓవర్‌ను అయిదో గేరులోనే, యాక్సిలరేటర్ కాస్త నొక్కితే చాలు, దాటేస్తుంది. పైగా ఓవర్‌డ్రైవ్ లేని పాత బాక్సులో 3.00తో ఇదే వేగానికి దాదాపు 2790 తిరిగేది కాబట్టి, హైవే మీద నిశ్శబ్దం తగ్గిపోతుందన్న భయం అక్కర్లేదు.

ఊళ్లో తేడా ఇంకా బాగా తెలుస్తుంది. టీ-5 మొదటి గేరు 3.35 కనుక యాక్సిల్‌తో కలిపి 11.9 వస్తుంది, పాత బాక్సు 2.78తో, 3.00 యాక్సిల్‌తో వచ్చింది 8.3 మాత్రమే. సిగ్నల్ దగ్గర క్లచ్‌ను ఒరిపించకుండా కారు కదులుతుంది. ఇదే బాక్సుకు 4.11 వేస్తే మాత్రం మొదటి గేరు కూడలి దాటకముందే అయిపోతుంది, వీధుల్లో తిరిగే కారుకు అది వద్దు. మొదటి గేరు 2.95, అయిదోది 0.63 ఉన్న టీ-5 జెడ్ రకం బాక్సు అయితే నేను 3.80 ఎంచుకుంటాను, హైవే మీద ఆర్పీఎం ఇంచుమించు నా కారుకున్నంతే వస్తుంది.

ఫోర్డ్ 8 అంగుళాల యాక్సిల్‌లో డిఫరెన్షియల్ మొత్తం ముందువైపు నుంచి ఊడి వస్తుంది. అందువల్ల దానిలో ఒకదానితో ఒకటి కలిసి తిరిగే క్రౌన్, పినియన్ గేర్ల అమరికను బల్ల మీదే సరిచేయవచ్చు; పసుపు రంగు పూసి తిప్పినప్పుడు పంటి మధ్యలో ముద్ర పడటం స్వయంగా చూసిన తరువాతే బిగించనిచ్చాను. మొదటి 500 మైళ్లు బరువు వేయకుండా నడిపి గేర్ ఆయిల్ మార్పించాను. 55 మైళ్ల దగ్గర యాక్సిలరేటర్ వదిలితే సన్నని కూత ఇప్పటికీ వినిపిస్తుంది గానీ, ఇన్నేళ్లలో అది పెరగలేదు.

స్పీడోమీటర్ కేబుల్‌కు గేర్ బాక్సులోని చిన్న ప్లాస్టిక్ గేరు కూడా మార్చాలి. మార్చకపోతే 60లో వెళ్తున్నా ముల్లు 71 చూపిస్తుంది.