గబ్బిలం పువ్వు: మొక్కకి నాలుగు మార్కులు, చీటీకి సున్నా

విశాఖ నర్సరీల్లో ‘బ్లాక్ బ్యాట్ ఫ్లవర్’ అని చీటీ తగిలించి అమ్మే ఆరంగుళాల కుండీ గురించి ఇది. రెండు మూడు పెద్ద ఆకులు, మధ్యలో ఒక మొలక. చీటీ మీద మూడు మాటలు: ఇండోర్, ఏడాదంతా పూలు, రోజూ నీళ్లు. మూడూ నమ్మదగ్గవి కావు. మొక్కకి మాత్రం ఐదుకి నాలుగు ఇవ్వొచ్చు, కుండీలోని మట్టికి ఒకటి.

దీని అసలు పేరు టక్కా చాంట్రియేరి. థాయ్‌లాండ్, మలేసియా, దక్షిణ చైనా, మన అస్సాం అడవుల్లో చెట్ల నీడన పెరుగుతుంది. మన పెండలానికి చుట్టమే. గబ్బిలం రెక్కల్లా కనిపించేవి పూరేకులు కావు, పూలగుత్తిని కాచే పత్రాలు. వాటి కింద పిల్లి మీసాల్లాంటి పోగులు అడుగు దాకా వేలాడతాయి. సింహాచలం సంపెంగకి అలవాటు పడ్డ ముక్కులు ఇక్కడ ఏమీ ఆశించకూడదు, చెప్పుకోదగ్గ వాసనే లేదు. రెక్కలు తెల్లగా ఉంటే అది టక్కా ఇంటెగ్రిఫోలియా, వేరే జాతి. నలుపే కావాలంటే పూతలో ఉన్నప్పుడే కొనండి.

కొన్నాక మొదటి పని కుండీ మార్చడం. నర్సరీ కుండీలో ఉండే బంకమట్టి లారీ ప్రయాణంలో తడి ఆరకుండా కాపాడుతుంది గానీ, ఇంటికొచ్చాక దుంపని చంపేది అదే. ఈ మొక్క వేళ్లు సన్నం. అడవిలో రాలిన ఆకుల పొరలో పైపైనే పాకే రకం. గాలి ఆడకపోతే కుళ్లుతాయి, పైన ఆకులు వడలతాయి. దాహమేమో అనుకుని ఇంకో చెంబు పోస్తారు, అంతటితో సరి.

ఎనిమిదంగుళాల కుండీకి రెండు పాళ్లు కొబ్బరి డొక్క ముక్కలు, ఒక పాలు బాగా చివికిన ఆకుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు, అర పాలు పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తెల్లటి తేలిక పలుకులు) గానీ గరుకు ఇసుక గానీ కలపాలి. సముద్రపు ఇసుక వద్దే వద్దు. కొబ్బరి పొట్టులోనూ ఉప్పుంటుంది, బకెట్లో నానబెట్టి రెండుసార్లు పిండి ఆ నీళ్లు పారబోయాలి. పాత మట్టిని నీళ్లలో ముంచి మెల్లగా వదిలించండి, లాగితే వేళ్లు తెగుతాయి. దుంప తల మట్టానికి సమంగా ఉండాలి, లోతుగా పాతితే మొలక కుళ్లుతుంది.

బీచ్‌రోడ్డు, ఎంవీపీ కాలనీ ఫ్లాట్లలో సముద్రం వైపు బాల్కనీ చూడ్డానికి బాగుంటుంది గానీ, ఉప్పుగాలి ఆకుల అంచులు మాడ్చేస్తుంది. ఉత్తరపు బాల్కనీ, మామిడి చెట్టు నీడ, లేదంటే 75 శాతం షేడ్‌నెట్ చాలు. తీరపు తేమే దీనికి బలం. మే నెలలో పడమటి గాలి వీచే రోజుల్లో ఆ తేమ పడిపోయి, ఆకు అడుగున ఎర్రనల్లి అనే సన్న పురుగు చేరుతుంది. అక్కడ నీళ్లు గట్టిగా చిమ్మితే చాలావరకు పోతుంది. ఏసీ గదిలో పెడితే ఈ గొడవ ఏడాదంతా ఉంటుంది, చీటీ మీద ఇండోర్ అని ఎవరు రాశారో గానీ.

వేలు అంగుళం లోతు గుచ్చినప్పుడు పొడిగా తగిలితేనే నీళ్లు పోయండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాడకండి. వాననీరు మేలు, ఏసీ నుంచి కారే నీరైనా సరే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పదిహేను రోజులకోసారి 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండేది) లీటరు నీళ్లకి ఒక గ్రాము చొప్పున. చలికాలంలో ఎరువు ఆపి నీళ్లు తగ్గించాలి, పూలు కూడా అప్పుడు ఆశించొద్దు. వానాకాలంలో నత్తలు రాత్రికి రాత్రే లేత మొగ్గ కాడని కొరికేస్తాయి, చీకటి పడ్డాక టార్చి పట్టుకుని ఏరేయడమే. తుఫాను హెచ్చరిక వస్తే కుండీ ఇంట్లోకి తెచ్చేయండి. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ చూసినవాళ్లకి ఎందుకో చెప్పక్కర్లేదు.

ఆన్‌లైన్ విత్తనాల పొట్లం మాత్రం డబ్బు దండగ. తాజా గింజే మొలవడానికి నెలలు తీసుకుంటుంది, పాతబడితే ఇక ఆశ లేదు. పిలకలున్న మొక్క కొనుక్కుని, ఫిబ్రవరి చివర్లో ఒక్కో ముక్కకి కనీసం ఒక మొలక ఉండేలా శుభ్రమైన చాకుతో కోసి, కోతకి బూజు పట్టకుండా కార్బెండజిమ్ మందు పొడి అద్ది ఒకరోజు నీడలో ఆరనిచ్చి నాటండి. కొనే ముందు కుండీ అడుగు రంధ్రం దగ్గర వాసన చూడటం మరవొద్దు. కుళ్లు వాసన వస్తే పువ్వు ఎంత బాగున్నా అక్కడే వదిలేయండి.