పైన్‌వుడ్ డెర్బీ కారు ఎవరు చేయాలి: అమ్మానాన్నలా, పిల్లలా, ఇద్దరూ కలిసా?

జనవరి నుంచి మార్చి దాకా అమెరికాలో కబ్ స్కౌట్ (స్కౌట్ సంస్థలో కిండర్‌గార్టెన్ నుంచి ఐదో తరగతి దాకా ఉండే విభాగం) పిల్లలున్న చాలా ఇళ్లలో పైన్‌వుడ్ డెర్బీ అనే చిన్న చెక్క కార్ల పందెం కోసం ఒకటే హడావిడి. ప్యాక్ వాళ్లు, అంటే ఆ ఊరి కబ్ స్కౌట్ బృందం వాళ్లు, ఒక చిన్న పెట్టె ఇస్తారు. అందులో 7 అంగుళాల పైన్ చెక్క దిమ్మ, నాలుగు ప్లాస్టిక్ చక్రాలు, ఇరుసులుగా వాడటానికి నాలుగు మేకులు ఉంటాయి. ఆ దిమ్మను కోసి, నునుపు చేసి, రంగు వేసి, చక్రాలు బిగించి, మొత్తం 5 ఔన్సులు, అంటే సుమారు 142 గ్రాములు మించకుండా ఒక కారు తయారు చేయాలి. మోటారు ఉండదు. వాలు ట్రాక్ మీద వదిలితే తన బరువుతోనే కిందికి దూసుకొస్తుంది. పందెం మూడు నాలుగు సెకన్లలో ముగిసిపోతుంది. ఆ కాసేపటి కోసం ఇంట్లో ఎవరు ఎంత పని చేయాలన్న దగ్గరే పేచీ అంతా.

ఈ పేచీ తెలుగు ఇళ్లలో ఇంకొంచెం ఎక్కువ. మనలో చాలామందికి చిన్నప్పుడు రంపం, ఆకురాయి ముట్టుకునే అవసరమే రాలేదు. చెక్కపని ఏదున్నా వడ్రంగిని పిలిచేవాళ్లు. దానికి తోడు పోటీ అనగానే మనసు మొదటి స్థానం మీదికి పోతుంది. అందుకే రెండు కొసలు కనిపిస్తాయి. ఎలాగైనా గెలవాలని నాన్న రాత్రిళ్లు కూర్చుని కారు మొత్తం చేసేయడం ఒకటి. నాకు ఇవేమీ రావు, నువ్వే చేసుకో అని పెట్టెను పిల్లవాడి చేతికిచ్చి వదిలేయడం మరొకటి. ఈ రెండిటిలో ఏది మేలని అడిగితే రెండూ వద్దనే అంటాను. అలాగని చెరిసగం చేయమనీ చెప్పను. ఏ పని ఎవరిదో మొదటి రోజే తేల్చుకోవాలి. ఆ గీత ఎక్కడ గీయాలన్నదే అసలు సంగతి.

అసలు ఈ పందెం పుట్టిందే పెద్దలూ పిల్లలూ కలిసి పని చేయాలని. 1953లో కాలిఫోర్నియాలోని మాన్‌హాటన్ బీచ్‌లో డాన్ మర్ఫీ అనే ఆయన ప్యాక్ 280సి కి కబ్‌మాస్టర్‌గా, అంటే ఆ బృందం నాయకుడిగా ఉండేవారు. పిల్లలు తామే తయారు చేసి, తామే ఎక్కి నడిపే సోప్ బాక్స్ డెర్బీకి అప్పట్లో గొప్ప పేరు. అందులో చేరడానికి ఆయన కొడుకుకు వయసు చాలలేదు. అంతకన్నా చిన్నపిల్లలు కూడా చేయగలిగినది ఒకటుండాలని ఆలోచించి, అరచేతిలో పట్టే కార్ల పందెం రూపొందించారు. మొదటి పోటీ ఆ ఏడాది మే 15న జరిగింది. తండ్రీకొడుకులు దగ్గరవ్వాలి, చేతిపని అలవడాలి, గెలుపోటములను హుందాగా తీసుకోవడం నేర్వాలి అన్నది ఆయన ఉద్దేశం. 2018 నుంచి ఆడపిల్లలూ కబ్ స్కౌట్స్‌లో ఉన్నారు. బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా అన్న సంస్థ పేరు కూడా 2025లో స్కౌటింగ్ అమెరికాగా మారింది. ఇప్పుడిది తల్లీకూతుళ్ల పని కూడా. నాన్నకన్నా అమ్మకే చేతిపని బాగా వచ్చిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అలాంటి చోట అమ్మే ముందుండాలి.

మొదట నాన్నే చేసేసే పద్ధతి సంగతి చూద్దాం. అలా చేసిన కారు వేగంగా పోతుంది, అందులో సందేహం లేదు. వేగం ఎక్కడ పుడుతుందో చదివి తెలుసుకున్న పెద్దవాళ్లు ఇరుసులకు మెరుగు పెడతారు, బరువును వెనక వైపు సర్దుతారు, ముందు చక్రాల్లో ఒకటి ట్రాక్‌ను తాకకుండా కాస్త పైకి బిగిస్తారు. రెండో తరగతి పిల్లవాడు ఒంటరిగా ఇవన్నీ చేయలేడు. కానీ పందెం రోజు కార్లను తూచి, కొలిచే బల్ల దగ్గర నిలబడి చూడండి. బరువు ఎక్కడ పెట్టావు బాబూ అని అడిగితే కొందరు పిల్లలు నాన్న ముఖం వైపు చూస్తారు. కారును పట్టుకోవడానికి కూడా భయపడతారు, ఎక్కడ పాడైపోతుందో అని. ట్రోఫీ వచ్చినా వాళ్లకు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. తన చేతులతో చేసిన వంకర కారు పట్టుకుని పక్కనే నిలబడిన పిల్లవాడికి ఇంకా పెద్ద అన్యాయం జరుగుతుంది. వాడు పోటీ పడుతున్నది తోటి పిల్లవాడితో కాదని వాడికి అప్పుడే తెలిసిపోతుంది.

పెద్దల పట్టుదల ఎంత దూరం పోగలదో చెప్పడానికి సోప్ బాక్స్ డెర్బీలోనే ఒక ఉదాహరణ ఉంది. 1973లో ఒహాయో రాష్ట్రం ఆక్రన్‌లో జరిగిన జాతీయ పోటీలో గెలిచిన కారు ముక్కులో విద్యుదయస్కాంతం దొరికింది. పందెం మొదలయ్యేటప్పుడు ముందుకు పడిపోయే ఇనుప పలక ఆ కారును తనతో పాటు లాగేలా అమర్చారు. ఆ ఏర్పాటు వెనక ఉన్నది పెద్దవాళ్లు. గెలుపు పోయింది, పరువు పోయింది, ఆ మచ్చ మోసింది మాత్రం 14 ఏళ్ల అబ్బాయి. మన ఇళ్లలో ఎవరూ అంత దూరం వెళ్లరు. కానీ పిల్లల పోటీ పెద్దల పోటీగా మారితే నష్టం ఎవరి మీద పడుతుందో ఇందులో స్పష్టంగా ఉంది.

ఇక రెండో పద్ధతి, పిల్లలకే వదిలేయడం. వినడానికి ఇది ఆదర్శంగా ఉంటుంది. స్వయంగా నేర్చుకుంటాడు, ఓటమిని తట్టుకుంటాడు అంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే పందెం నడిచే తీరు తెలిసినవాళ్లు ఇంత తేలిగ్గా అనరు. ట్రాక్ మీద వరసలన్నీ ఒకేలా ఉండవు కాబట్టి చాలా ప్యాకుల్లో ప్రతి కారునూ ప్రతి వరసలోనూ ఒకసారి నడుపుతారు. నాలుగు వరసలుంటే నాలుగుసార్లు, ఆరుంటే ఆరుసార్లు. ఒక మేకు వంకరగా దిగి చక్రం చెక్కకు రాసుకుంటే ఆ కారు అన్నిసార్లూ చివరనే వస్తుంది, ఒక్కోసారి ముగింపు గీత దాకా రాకుండా మధ్యలో ఆగిపోతుంది. అదీ హాలు నిండా జనం చూస్తుండగా. ఏడేళ్ల పిల్లవాడికి తన కారు ఎందుకు ఆగిందో తెలియదు, ఆ రోజు సరిదిద్దుకునే వీలూ ఉండదు. తెలిసి ఓడితే ఏదో నేర్చుకుంటాడు. కారణం తెలియని ఓటమి వల్ల ఒరిగేదేమీ లేదు. పైగా రంపంతో వేళ్లు తెగే ప్రమాదం ఎలాగూ ఉంది.

మూడో దారి, ముందే కోసి పెట్టిన కిట్లు. దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో కారు ఆకారానికి తయారైన దిమ్మలు దొరుకుతాయి. అపార్ట్‌మెంట్‌లో ఉంటూ ఇంట్లో ఒక్క పనిముట్టూ లేని కుటుంబానికి ఇది తప్పేమీ కాదు. శాండ్‌పేపర్, రంగు, బరువు, ఇరుసుల పని ఇంకా మిగిలే ఉంటుంది. కానీ చక్రాలకూ ఇరుసులకూ ముందే మెరుగు పెట్టి అమ్మేవాటిని మాత్రం కొనకండి. చాలా ప్యాకుల నియమాలు వాటిని ఒప్పుకోవు. ఒప్పుకున్నా, పిల్లలు చేయగలిగిన మంచి పనిని డబ్బిచ్చి వదులుకున్నట్టే.

ఆ మంచి పని ఏమిటో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇద్దరూ కలిసి చేసే పద్ధతికి ప్రాణం అక్కడే ఉంది. పెట్టెలో వచ్చిన మేకును దగ్గరగా పట్టుకుని చూడండి. తల కింద చిన్న ముళ్లలాంటి అంచు, ఒంటి మీద సన్నని గాట్లు కనిపిస్తాయి. చక్రం తిరిగేటప్పుడు రాసుకునేది వాటికే. మేకును డ్రిల్లు నోట్లో బిగించి మీరు నెమ్మదిగా తిప్పండి. కళ్లద్దాలు పెట్టుకుని, పొడుగు చేతుల చొక్కా మడుచుకుని పిల్లవాడు సన్నని ఆకురాయితో ఆ అంచును అరగదీస్తాడు. తరువాత 400 నంబరు శాండ్‌పేపర్ పీలికను తడిపి మేకు మీద ఆనించి పట్టుకోవాలి. ఆపై 600, తరువాత ఇంకా సన్ననిది. రెండు మూడు నిమిషాలకు మేకు అద్దంలా మెరుస్తుంది. అప్పుడు చక్రంలో రాపిడి తగ్గించే గ్రాఫైట్ పొడి కొద్దిగా వేసి, మేకుకు తొడిగి వేలితో తిప్పమనండి. పక్కనే మెరుగు పెట్టని మేకుతో ఇంకో చక్రం తిప్పమనండి. ఒకటి టక్కున ఆగుతుంది, ఇంకొకటి తిరుగుతూనే ఉంటుంది. రాపిడి అంటే ఏమిటో ఆ వయసు పిల్లలకు ఇంతకన్నా బాగా చెప్పే పాఠం నాకు తెలియదు.

బరువు సంగతీ అంతే. చెక్కను పలచగా కోస్తే రెండు మూడు ఔన్సులు అదనంగా చేర్చాల్సి వస్తుంది. అది వెనక వైపు ఉండాలి. వాలు మీద నిలబెట్టినప్పుడు కారు వెనక భాగం పైన ఉంటుంది కాబట్టి, అక్కడ పెట్టిన బరువు ఎక్కువ ఎత్తు నుంచి దిగుతుంది, వేగం ఎక్కువ వస్తుంది. కారును స్కేలు అంచు మీద పెట్టి, వెనక ఇరుసుకు దాదాపు అంగుళం ముందు అది నిలిచేలా సర్దుకోమనండి. మరీ వెనక్కి పెడితే ముందు చక్రాలు తేలిపోయి, కారు ఊగుతూ ట్రాక్ మధ్య గట్టుకు కొట్టుకుంటుంది. టంగ్‌స్టన్ ముక్కలు చిన్నవిగా ఉండి బరువు ఎక్కువ తూగుతాయి, కానీ ఖరీదెక్కువ. సీసం చవకే, పిల్లల చేతికి మాత్రం ఇవ్వకూడదు, విషం. వంటింటి తూకం యంత్రం మీద ఒక్కో ముక్కా పెడుతూ 5 ఔన్సులకు చేరుకోవడం పూర్తిగా పిల్లల పని.

ఇప్పుడు ఏ పని ఎవరిదో చెప్పే ఆ గీత సంగతి. ఆకారం, రంగు, పేరు, నంబరు ఏ వయసులోనైనా పిల్లలవే. అరటిపండులా కావాలంటే అరటిపండులాగే ఉండాలి. గాలికి తగ్గట్టు ముక్కు వంచుదాం అని మీరు దాన్ని మార్చకూడదు. ఇంత చిన్న కారుకు, ఇంత చిన్న ట్రాక్ మీద, సరైన ఇరుసులు చేసే మేలు ఆకారం చేయదు. విద్యుత్ రంపం, డ్రిల్లు మీటా ఎప్పుడూ పెద్దలవే. మధ్యలో ఉన్నది వయసును బట్టి మారుతుంది. కిండర్‌గార్టెన్ పిల్లలు శాండ్‌పేపర్, రంగు చూసుకుంటే చాలు. మూడో తరగతికి వచ్చేసరికి బల్లకు బిగించిన దిమ్మను చేతి రంపంతో కోయగలరు, పైన్ మెత్తని చెక్కే. ఐదో తరగతిలో కొలతలు, బరువు లెక్క, ఇరుసులు, చక్రాలు నిటారుగా దిగాయో లేదో చూడటం అంతా వాళ్లే చేయాలి. మీరు పక్కన కూర్చుంటే సరిపోతుంది.

ఇంట్లో చేయడం మేలా, ప్యాక్ వాళ్లు నడిపే వర్క్‌షాప్ మేలా అని కూడా అడుగుతుంటారు. పనిముట్లు లేని ఇళ్లకు వర్క్‌షాప్ అన్ని విధాలా మేలు. కోత అక్కడ ఒక్క పూటలో అయిపోతుంది, రంపం నడిపే మనిషికి అనుభవం ఉంటుంది, అన్ని కార్లూ ఇంచుమించు ఒకే చోట నుంచి మొదలవుతాయి. మన ప్యాకులో అది లేకపోతే అడిగి పెట్టించాలి. దానితో పాటు పెద్దలకు వేరే పందెం కూడా పెట్టించాలి. చాలా ప్యాకులు ఇప్పటికే పెడుతున్నాయి. తమ కారు తామే చేసుకునే అవకాశం దొరికితే నాన్నల చేతులు పిల్లల దిమ్మ మీదికి అంత తరచుగా పోవు.

పందెం ముందు కారు అప్పగించేటప్పుడు ఒక జాగ్రత్త. ఇంటి తూకానికీ ప్యాక్ వాళ్ల తూకానికీ కొద్ది తేడా రావచ్చు. అందుకని చివరి చిన్న ముక్కను జిగురుతో శాశ్వతంగా అంటించకుండా అడుగున చిన్న మరతో బిగించండి. బరువు ఎక్కువైతే అక్కడికక్కడే స్క్రూడ్రైవర్‌తో విప్పి తీసేయవచ్చు. ఆ స్క్రూడ్రైవర్ పిల్లవాడి జేబులో ఉండాలి.