పొన్ను దగ్గర సందు: మాటు మేలా, ఎపాక్సీ మేలా, లక్క మేలా?

కావలిలో కొలిమి దగ్గర లారీ కమాను పట్టీతో కొట్టించుకున్న కత్తి మాది. పిడి ఉదయగిరి నుంచి తెచ్చిన నర్ది కొయ్య, పిడి మొదట్లో ఉంగరంలా తొడిగిన ఇత్తడి పొన్ను. చేపలు కోయడానికి దాన్ని మించింది లేదు గానీ, అలుగు, అంటే కోసే ఉక్కు భాగం, పొన్నులోకి దిగే చోట సన్నని సందు ఉండేది. కిటికీకి ఎదురుగా పట్టుకుంటే వెలుతురు గీతలా కనపడేది. ఏ4 కాగితం అంచు, అంటే సుమారు 0.1 మిల్లీమీటరు, అందులో దూరేది. అంతమాత్రానికే ఏమవుతుందిలే అనుకుంటాం. చింతపండు పులుపు, నిమ్మరసం, ఉప్పునీళ్లు అందులో చేరి నిలిస్తే తెలుస్తుంది. ఇత్తడీ ఉక్కూ ఆనుకున్న చోట తడి ఉంటే తుప్పు పట్టేది ఉక్కుకే.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తా. కత్తి కడిగి, గుడ్డతో తుడిచి, వెంటనే క్విక్ గమ్ము చుక్క వేశా. పల్చటిది కదా, దానంతటదే లోపలికి పాకి నిమిషంలో బిగుసుకుంది. నెల తిరక్కముందే పొన్ను కింద గోధుమరంగు చార. కొలిమి పెద్దాయన చూసి, "తుప్పును లోపల పెట్టి తలుపేశావు గదబ్బయా!" అన్నాడు.

గమ్మంతా గీకేసి, కత్తిని ఒక పూటంతా ఎండలో పెట్టించాడు. ఆ తర్వాత కూడా ఏమీ పూయలేదు. మొండి పంచ్ ఆనించి చిన్న సుత్తితో పొన్ను అంచు మీద చుట్టూ తట్టుకుంటూ పోయాడు. ఇత్తడి మెత్తన కాబట్టి అంచు అలుగు వైపు జరిగి సందు సగానికి పైగా మూసుకుంది. ఏది పూయాలా అని ఆలోచించే ముందు చేయాల్సింది ఇదేనని నాకప్పుడు తెలిసింది. పొన్ను మరీ పల్చటి రేకైతే మాత్రం వద్దు, చిరుగుతుంది.

మిగిలిన సందుకు మాటు, అంటే సోల్డర్, వేస్తే నీళ్లు దూరే మాటే ఉండదు. లోహానికి లోహం అతుకుతుంది, దానికి సాటి లేదు. కాకపోతే రేడియో రిపేరు వాళ్ల సోల్డర్‌లో సీసం ఉంటుంది, వంటకత్తికి అది పనికిరాదు. తగరం, వెండి కలిసిన 96/4 రకం కావాలి, అది 221 డిగ్రీలకు కరుగుతుంది. చిక్కంతా అక్కడే. వేడి కాస్త పైకి పాకితే అలుగు గట్టిదనం పోతుంది. రంగు చూస్తూ ఉండాలి: ఎండుగడ్డి రంగు వచ్చిందంటే 220 దాటుతున్నట్టు, నీలం తిరిగిందంటే 300కి పోయినట్టు, ఇక ఆ చోట ఉక్కు మెత్తబడినట్టే. అలుగు అంచుకు తడిగుడ్డ చుట్టి చేస్తారు. ఉక్కుకు మాటు పట్టాలంటే ఆమ్లం పూయాలి, ఆనక వంటసోడా నీళ్లతో కడగాలి, లేకుంటే అదే తుప్పు పట్టిస్తుంది. చెయ్యి తిరిగినవాళ్ల పని, నా వల్ల కాదు.

లక్క పాతకాలపు పద్ధతి, ఇటుక పొడి కలిపి కరిగించి పోసేవాళ్లు. మళ్లీ వేడిచేస్తే ఊడి వస్తుంది, అదే దాని గొప్ప. వేడినీళ్లు తగిలినా ఊడుతుంది, అదే దాని లోపం. గోడకు తగిలించే కత్తికైతే బంగారంలాంటిది.

నేను ఎపాక్సీకే, అంటే రెండు ట్యూబులు కలిపి వాడే జిగురుకే, ఓటేశా. ఐదు నిమిషాల రకం కాదు, 24 గంటలకు బిగుసుకునేది. సందు లోపల ఎమరీ కాగితం మడతతో గీకి, అసిటోన్‌తో తుడిచి, ఆరనిచ్చి, రెండు ట్యూబులూ సమానంగా తీసి, ఆకురాయితో రాల్చిన ఇత్తడి పొడి చిటికెడు కలిపా. అగ్గిపుల్ల మొనతో లోపలికి నెట్టి, పైన మిగిలింది బిగుసుకోకముందే తుడిచేశా. ఆరాక అతుకు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. వేడివేడి నీళ్లలో నానబెట్టకూడదు, అంతే.

పొన్నుకూ కొయ్యకూ మధ్య సందు సంగతి వేరు. మన నెల్లూరు వైపు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే. మే నెలలో ఎండి కుంచించుకున్న పిడి అప్పుడు ఉబ్బుతుంది. ఎండాకాలంలో అక్కడ గట్టి ఎపాక్సీ కూరితే వానల్లో కొయ్య ఉబ్బడానికి చోటుండదు, పిడే చీలొచ్చు. అందుకే అక్కడ తేనెమైనం కరిగించి రుద్ది వదిలేశా. కార్తీకంలో ముసురు పట్టాక చూస్తే ఆ సందు కనపడనే లేదు.