లిఫ్ట్ చేసిన బండిలో యాంటీ-రోల్ బార్: పొడుగు లింకులా, బ్రాకెట్లా, పీకేయడమా?

బండిని 50 మి.మీ. ఎత్తు పెంచాలనుకున్నవాళ్లు స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, టైర్ల గురించి ముందే బోలెడంత ఆలోచిస్తారు. మలుపుల్లో బండి మరీ ఒరగకుండా ఆపే యాంటీ-రోల్ బార్ మాత్రం ముందు చక్రాల దగ్గర టకటకమని చప్పుడు మొదలయ్యాకే గుర్తొస్తుంది. అప్పుడు సలహాలు తలా ఒకటి. లింకులు పొడుగువి వెయ్యమని ఒకరు, బ్రాకెట్లు పెట్టి బార్‌నే కిందికి దించమని ఇంకొకరు, అసలు పీకి పక్కన పెట్టమని మరొకరు. మూడింట్లోనూ ఎంతో కొంత న్యాయం ఉంది. కాకపోతే ఏ బండికి ఏది అన్నదే తేల్చుకోవాలి.

బాడీ లిఫ్ట్ అయితే ఈ గొడవే లేదు. ఛాసిస్‌కీ బాడీకీ మధ్య దిమ్మలు పెడతారు, ఛాసిస్‌కు బిగించిన బార్ ఎక్కడిదక్కడే ఉంటుంది. చిక్కంతా స్ప్రింగుల దగ్గరే ఎత్తు పెంచి ఛాసిస్‌నే లేపే సస్పెన్షన్ లిఫ్ట్‌తోనే.

బార్ నడిమి భాగం ఛాసిస్‌కు బిగించిన రెండు బుష్‌లలో తిరుగుతుంది. దాని రెండు చేతులూ లింకుల ద్వారా యాక్సిల్‌కో, చక్రాన్ని పట్టి ఉంచే కింది కంట్రోల్ ఆర్మ్‌కో కలుస్తాయి. రెండు చక్రాలూ ఒకేసారి లేస్తే బార్ ఊరికే తిరుగుతుంది. ఒకటి లేచి రెండోది దిగితే పిండిన తడిబట్టలా మెలిపడి, ఆ తేడాను అడ్డుకుంటుంది. బండి మామూలుగా నిలబడి ఉన్నప్పుడు బార్ చేయి ఇంచుమించు నేలకు సమాంతరంగానూ, లింక్ దానికి నిలువుగానూ ఉంటే ఈ పని చక్కగా సాగుతుంది. లిఫ్ట్‌తో ఛాసిస్ పైకి పోతుంది, యాక్సిల్ ఉన్నచోటే ఉంటుంది. దాంతో చేతులు కిందికి వాలిపోతాయి. లింక్ లాగే బలంలో కొంత బార్‌ను తిప్పడానికి కాకుండా బుష్‌లను ముందుకూ వెనక్కూ నెట్టడానికే పోతుంది. ఆ టకటక అక్కణ్ణుంచే రావచ్చు.

చప్పుడైతే భరించొచ్చు, అంతకన్నా పెద్ద ప్రమాదం చక్రం గోతిలోకి పూర్తిగా వేలాడినప్పుడు ఉంటుంది. అప్పటికే వాలి ఉన్న చేయి ఇంకా దిగి, చేయీ లింకూ ఒకే గీతలోకి వస్తాయి. మరి కాస్త దిగితే ఆ కీలు అవతలి వైపుకి మడత పడుతుంది. ఇక చక్రం తిరిగి పైకి లేచేటప్పుడు చేయి లేవడానికి దారి ఉండదు. లింక్ వంగుతుంది, లేదా దాని బ్రాకెట్ చిరుగుతుంది, పక్కనే బ్రేక్ గొట్టం ఉంటే అదీ నలుగుతుంది. అందుకే ఏ కిట్ వేయించినా, ఛాసిస్ కింద జాకీలు పెట్టి చక్రాలు పూర్తిగా వేలాడేదాకా లేపి, చేయీ లింకూ కలిసేచోట మడత ఇంకా స్పష్టంగా ఉందో లేదో చూడాలి. 25 మి.మీ. లోపు లిఫ్ట్ అయితే చాలా బళ్లలో పాత లింకులే సరిపోతాయి. అయినా ఈ పరీక్ష మానొద్దు.

ఇప్పుడు పొడుగు లింకులా, బ్రాకెట్లా? సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉన్న బండికి నా ఓటు పొడుగు లింకులకే. 50 మి.మీ. లిఫ్ట్‌కు లింక్ కూడా దాదాపు 50 మి.మీ. పెరిగితే చేయి మళ్లీ పాత కోణానికి వస్తుంది. ఒక్క ఇబ్బంది ఏమిటంటే, చక్రం పూర్తిగా పైకి నొక్కుకున్నప్పుడు ఆ చేయి మునుపటికన్నా ఎత్తుకు వెళ్తుంది. ఛాసిస్‌కో లోపలి రేకుకో తగులుతుందేమో చూసి, అవసరమైతే బంప్ స్టాప్ (చక్రం మరీ పైకి రాకుండా ఆపే దిమ్మ) పెంచాలి. బ్రాకెట్లతో ఈ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. లింకులు పాతవే, కోణాలు పాతవే, కానీ బార్ మొత్తం యాక్సిల్‌కి దగ్గరగా దిగివస్తుంది. చక్రాలు నొక్కుకున్నప్పుడు స్టీరింగ్ టై రాడ్‌కో డిఫరెన్షియల్ కవర్‌కో కొట్టుకోవచ్చు. సాలిడ్ యాక్సిల్ మీద అది రిస్కే. పైగా బార్ లాగుడంతా ఆ బ్రాకెట్ బోల్టుల మీదే పడుతుంది.

ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలేది) ఉంటే లెక్క మారుతుంది. లింక్ కంట్రోల్ ఆర్మ్ మధ్యలో ఎక్కడో కలుస్తుంది కాబట్టి, చక్రం దిగినంతగా ఆ చోటు దిగదు. సరిగ్గా సగంలో ఉంటే 50 మి.మీ. లిఫ్ట్‌కి అక్కడ వచ్చే తేడా 25 మి.మీ. మాత్రమే. కొలవకుండా 50 మి.మీ. పొడుగు లింక్ కొంటే చేయి పైకి తిరిగి కూర్చుంటుంది! ఇలాంటి బళ్లకు, కింద చోటుంటే, బ్రాకెట్లే మేలనిపిస్తుంది.

ఇక పీకేయడం. దీన్ని గట్టిగా వాదించేవాళ్లు చెప్పేదాంట్లో ఒక నిజం ఉంది: రాళ్ల మీద బార్ లేని సాలిడ్ యాక్సిల్ ఎంతో స్వేచ్ఛగా అటూ ఇటూ వాలుతుంది, చక్రాలు నేలను వదలవు. పాత కమాను కట్టల జీపుల్లో చాలావాటికి అసలు బారే ఉండేది కాదు కదా అనీ అంటారు. నిజమే, కానీ ఆ కట్టలు గట్టివి, ఆ బళ్లు నడిచే వేగాలూ తక్కువే. లిఫ్ట్‌తో గురుత్వ కేంద్రం పైకి పోతుంది. బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్ మాత్రం సాలిడ్ యాక్సిల్ బళ్లలో చాలావరకు యాక్సిల్ దగ్గరే ఉండిపోతుంది. ఆ రెండింటి మధ్య దూరం పెరిగేకొద్దీ అదే మలుపులో బండి ఇంకా ఎక్కువ ఒరుగుతుంది. అంటే రోడ్డు మీద బార్ అవసరం ఎక్కువైన సమయంలోనే దాన్ని తీసేస్తున్నామన్నమాట. ముందుది మాత్రమే తీసి వెనకది ఉంచితే ఇంకా చెడ్డది: ఒరుగుడు భారాన్ని వెనక చక్రాలే ఎక్కువగా మోస్తాయి, హఠాత్తుగా స్టీరింగ్ తిప్పితే వెనక భాగం పక్కకు జారిపోతుంది. రోడ్డు మీద నడిచే బండికి దీన్ని నేను ఒప్పుకోను.

సాలిడ్ యాక్సిల్‌కి అన్నిటికన్నా నచ్చేది, ముందు వైపు పిన్ తీస్తే ఊడివచ్చే పొడుగు లింకులు. దారి దిగాక పిన్ తీసి, చేతుల్ని పైకి కట్టేస్తే టైరుకు తగలవు. తిరిగి రోడ్డెక్కే ముందు చదును నేల చూసుకుని బిగించాలి. ఊడదీసేముందు చక్రం ఇంకా ఎంత దిగగలదో చూడాలి. బ్రేక్ గొట్టం బిగుసుకోకూడదు, కాయిల్ స్ప్రింగ్ గూటిలోంచి జారకూడదు. ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో ప్రయాణాన్ని ఆర్ములూ, చక్రాన్ని తిప్పే షాఫ్టు కీళ్లైన సీవీ జాయింట్లే కట్టడి చేస్తాయి కాబట్టి ఊడదీసినా దక్కేది కొంచెమే.

జీప్ రాంగ్లర్ రుబికాన్‌లో 2007 మోడల్ నుంచి బటన్ నొక్కితే ముందు బార్ విడిపోతుంది, వేగం గంటకు 30 కి.మీ. దగ్గరకొస్తే తనే కలుస్తుంది. సుఖమే, కానీ లిఫ్ట్ చేస్తే దానికీ లింకులు పొడుగువి కావాలి. టయోటా కేడీఎస్ఎస్ (కైనెటిక్ డైనమిక్ సస్పెన్షన్ సిస్టమ్) బళ్లలో బార్లకు హైడ్రాలిక్ సిలిండర్లు ఉంటాయి. వాటికి ఆ బండి కోసమే చేసిన కిట్ తప్ప మామూలు లింకులతో ప్రయోగాలొద్దు.

ఏది వేయించినా, రబ్బరు బుష్‌ల లింక్ బోల్టుల్ని చక్రాలు నేల మీద పెట్టి, బండి బరువు పడ్డాకే ఆఖరుగా బిగించమని చెప్పండి. వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండిపోయి త్వరగా చిరుగుతుంది.