గోదారి గాలిలో ఏడేళ్లున్న మూడు నేవీ జెట్లు

మా ఇల్లు నరసాపురంలో, రేవుకి నడిచి వెళ్లేంత దూరంలో. ముందు గదిలో ఒక అద్దాల బీరువా ఉంది. పై రెండు అరలు నావి, కింది అరలు మా ఆవిడ లేసు పనివి. నా అరల్లో ఏడేళ్లుగా, ముక్కల పెట్టె (కిట్) కొని నేను అతికించి కట్టిన మూడు ప్లాస్టిక్ బొమ్మ విమానాలున్నాయి. 1/72 (అంటే అసలు విమానంలో 72వ వంతు) సీ హాక్, 1/72 సీ హారియర్, 1/48 ఎఫ్-14 టామ్‌క్యాట్. మూడూ ఓడల మీంచి ఎగిరిన జాతివే.

కొత్తగా కిట్ కొనబోయేవాళ్లు ఎవరైనా పెట్టె విప్పిన రోజు సంగతే అడుగుతారు. ముక్కలెన్ని, ఒంటి మీద రేకుల అతుకులు చూపించే ప్యానెల్ గీతలు ఎంత సన్నం, కాక్‌పిట్‌లో ఏమేం ఇచ్చాడు అని. అవి నాకిప్పుడు సరిగా గుర్తు కూడా లేవు. ఉప్పుగాలిలో, ఈ ఉక్కలో ఏడేళ్లు కూర్చున్నాక ఏది ఎలా ఉందో మాత్రం చెప్పగలను.

ముందు సైజు సంగతి. టామ్‌క్యాట్ అసలు పొడవు 19 మీటర్ల పైచిలుకు. 1/48లో అది దాదాపు 40 సెంటీమీటర్లవుతుంది. రెక్కలు పూర్తిగా చాపితే అడ్డం కూడా అంతే, ఇంకాస్త ఎక్కువే. మా బీరువా అర లోతు 35 సెంటీమీటర్లు. ఈ కొలత నేను తీసింది విమానం కట్టిన తర్వాత! అదృష్టం కొద్దీ టామ్‌క్యాట్ రెక్కలు వెనక్కి మడుచుకునే రకం. గాల్లో 20 డిగ్రీల నుంచి 68 డిగ్రీల దాకా తిరుగుతాయి, ఓడ మీద నిలబెట్టేటప్పుడు 75 దాకా లాగేస్తారు. అలా లాగితే 1/48లో అడ్డం 21 సెంటీమీటర్లే. ఇప్పుడది అరలో ఏటవాలుగా, రెక్కలు వెనక్కి పెట్టుకుని కూర్చుంది.

ఓడ మీద వాళ్ల చోటు ఇబ్బంది అర్థం కావాలంటే గోదారి దాటించే సఖినేటిపల్లి పంటు ఎక్కితే చాలు. రెండు కార్లు, నాలుగు ఆటోలు, లెక్కలేనన్ని బైకులు. పంటు కుర్రాడు ఒక్కో బండినీ హ్యాండిల్ పట్టుకుని జరిపి జరిపి ఎక్కిస్తాడు. విమానవాహక నౌకలోనూ ఇదే గోల. అందుకే సీ హాక్‌కి రెక్కలు పైకి మడుస్తారు. సీ హారియర్ రెక్కలు మొదటే చిన్నవి, వాటిని మడవరు. ఓడ లిఫ్టులో పట్టేందుకు ముక్కుని పక్కకి తిప్పేస్తారు. కాబట్టి నేవీ జెట్ కొనేవాడు ముందు ‘మడిచి కట్టే వీలుందా’ అని చూడాలి. పెట్టె మీద బొమ్మలో అది ఎప్పుడూ గాల్లోనే ఉంటుంది. మన ఇంట్లో ఎప్పుడూ నేల మీదే ఉంటుంది.

మూడింటిలో నాకు ఇష్టమైనది సీ హారియర్. 1983లో మన నేవీకి వచ్చింది, పాత విక్రాంత్ మీంచీ తర్వాత విరాట్ మీంచీ ఎగిరింది, 2016లో గోవాలో వీడ్కోలు తీసుకుంది. 300 స్క్వాడ్రన్, తోక మీద తెల్లపులి. నేను కొన్న పెట్టెలో బ్రిటిష్ నేవీ డెకాల్సే (విమానం మీద అతికించే గుర్తుల బొమ్మలు) ఉన్నాయి. మన మూడు రంగుల చక్రాలు, పులి విడిగా తెప్పించుకున్నాను. మనవాళ్లది ఎఫ్.ఆర్.ఎస్.51 రకం. బ్రిటిష్ వాళ్ల ఎఫ్.ఆర్.ఎస్.1కి బయటికి పెద్ద తేడా కనపడదు కానీ, రెక్కల కింద సైడ్‌వైండర్ బదులు ఫ్రెంచి మాత్రా మ్యాజిక్ క్షిపణులుండాలి. పెట్టెలో అవి లేవు. వేరే కిట్ మిగుళ్లలోంచి అడిగి తెచ్చుకున్నాను. మన విమానం కట్టాలనుకునేవాళ్లు ఈ రెండు ఖర్చులూ ముందే లెక్కేసుకోవాలి.

హారియర్ కట్టడంలో అసలు పరీక్ష చక్రాల దగ్గర. ముందొకటి, పొట్ట కింద జంట చక్రాలు, రెక్కల చివర్ల దగ్గర సన్నటి కాళ్లు రెండు. అన్నీ ఒకేసారి నేలని తాకాలి. ఒక్కటి పొట్టిదైనా పాత హోటల్ బల్లలా ఊగుతుంది. నేను సూచనల కాగితం చెప్పిన వరసలో అతికించి మొదటిసారి భంగపడ్డాను. ఊడదీసి ముందూ మధ్యా చక్రాలు అతికించి, అద్దం పలక మీద పెట్టి ఒక రాత్రి ఆరనిచ్చి, రెక్కల కాళ్లు మర్నాడు పెట్టాను. ఇప్పటికీ ఊగదు.

రంగు దగ్గర మాత్రం పప్పులో కాలేశాను. మనవాళ్ల తొలి సీ హారియర్లకి పైన ముదురు బూడిద, కింద తెలుపు. తెలుపు కోసం కిట్ రంగు అయిపోయిందని ఊళ్లో హార్డ్‌వేర్ షాపు ఎనామెల్ కొట్టాను. మొదటి ఏడాది పాలలా ఉంది. మూడో ఏడాదికి వెన్న రంగు. ఇప్పుడు గంజి పెట్టని పాత పంచెలా ఉంది. ఎనామెల్ తెలుపు పచ్చబడే రకమని అప్పుడు తెలీదు. తోక మీద పులికి వాడిన యాక్రిలిక్ తెలుపు మాత్రం అలాగే మెరుస్తోంది. పక్కపక్కనే ఉండటంతో తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

ఇంకో తప్పు విశాఖ వెళ్లాక బయటపడింది. బీచ్ రోడ్డు మ్యూజియంలో అసలు సీ హారియర్ ఉంది. దగ్గరికెళ్లి చూస్తే, పక్కల నాలుగు నాజిళ్లలో వెనక రెండే ఇంజను మంట పొగలు వదిలేవి. ముందు రెండింట్లోంచి వచ్చేది ఫ్యాను తోసిన చల్లగాలి. నేను నాలుగింటినీ కాలిన ఇనుము రంగులో ముంచేశాను! ఎవరూ కనిపెట్టలేదు, నేను చెప్తే తప్ప. అయినా బీరువా దగ్గరికి వెళ్లినప్పుడల్లా కన్ను అక్కడికే పోతుంది.

టామ్‌క్యాట్ జపాన్ కంపెనీ టమియాది. 2016లో వచ్చిన 1/48 ఎఫ్-14ఎ అచ్చు. ముక్కలు ఒకదానిలో ఒకటి కూర్చునే తీరు చూస్తే ముద్దొస్తుంది. పుట్టీ దాదాపు వాడలేదు. దాని ఖర్చుకి చిన్న కిట్లు మూడు నాలుగు వచ్చేవి, అది నిజమే. కానీ పెద్దదాన్ని ఉంచుకోవడంలో ఉన్న బాధలు పెట్టె మీద రాయరు. ఒక వేసవిలో బీరువా తలుపు సరిగా పడకపోతే, మట్టితో గూడు కట్టే కందిరీగ వెనక ఇంజను గొట్టంలో కాపురం పెట్టింది. తడి గుడ్డ చుట్టిన అగ్గిపుల్లతో ఒక పూటంతా తవ్వాను. అసలు విమానాలకి కూడా నేల మీద ఉన్నప్పుడు గొట్టాలకి ఎర్ర మూతలు పెడతారు. నేనూ ఎర్ర అట్టతో చేసి పెట్టాను. చూసినవాళ్లు అవే బాగున్నాయంటున్నారు.

తర్వాత మా ఆవిడ, పాపం, దుమ్ము పడకూడదని దాని మీద లేసు గుడ్డ కప్పింది. తీసేటప్పుడు దారం చిక్కి ముక్కు కొసన ఉన్న సూది పటుక్కుమంది. “తుడవకపోతే తుడవలేదంటారు, కప్పితే విరిగిందంటారు” అంది. నిజమే కదా. మందుల షాపులో ఇన్సులిన్ సిరంజి కొని దాని సూది కోసి పెట్టాను. పాతదానికన్నా సన్నగా, అందంగా ఉంది.

సీ హాక్ గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. 1971 డిసెంబరులో విక్రాంత్ మీంచి లేచి చిట్టగాంగ్, కాక్స్ బజార్ల మీద దాడి చేసింది ఈ విమానాలే, అదీ మన బంగాళాఖాతంలోంచే. 1/72లో 17 సెంటీమీటర్లు. అరలో ఎక్కడైనా ఇమిడిపోతుంది. దీంతో ఒకటే పేచీ, ముక్కులో బరువు పెట్టకపోతే తోక మీద కూలబడుతుంది. వలకి కట్టే సీసపు గుళ్లు మా వీధి చివరే దొరుకుతాయి. నాలుగు చితక్కొట్టి ముక్కులో కూర్చాను. మొదటి కిట్‌గా ఎవరికైనా ఇదే చెప్తాను.

ఇక మన వాతావరణం. వానాకాలంలో లాక్కర్ క్లియర్ కోటు (రంగు మీద చివర్లో కొట్టే పారదర్శక పూత) కొట్టకండి. అది ఆరేటప్పుడు ఉపరితలం చల్లబడి గాల్లో తేమ దాని మీద పడుతుంది, విమానం మంచు పట్టినట్టు తెల్లబడుతుంది. టామ్‌క్యాట్ మీద నాకు అదే జరిగింది. సంక్రాంతి తర్వాత దాని మీదే పలచగా థిన్నర్ కొడితే పోయింది. ఆ థిన్నర్ కూడా మోడల్ రంగులది. హార్డ్‌వేర్ షాపు ఎన్.సి. థిన్నర్ ప్లాస్టిక్‌ని బెల్లంలా కరిగిస్తుంది, మొదట ఒక మిగులు ముక్క మీద చూసుకోబట్టి బతికిపోయాను. రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌కి గాలి తోసే కంప్రెసర్ గొట్టంలో నీళ్లు చేరతాయి, కాబట్టి నీళ్లు పట్టే ట్రాపు లేకుండా ఎయిర్‌బ్రష్ జోలికి పోవద్దు.

సూపర్ గ్లూ తేమతోనే గట్టిపడుతుంది కాబట్టి మన దగ్గర మరీ తొందరగా పట్టేస్తుంది. దాని ఆవిరికి కాక్‌పిట్ అద్దం మసకబారుతుంది. అద్దానికి ఫెవికాలే మేలు, ఆరితే కనపడదు. దాచి ఉంచిన డెకాల్స్ పచ్చబడితే పారెయ్యక్కర్లేదు. ప్లాస్టిక్ సంచిలో పెట్టి, తూర్పు కిటికీ అద్దానికి వారం పది రోజులు టేపుతో అతికిస్తే ఎండకి తెల్లబడతాయి. ఎండకి మనకేం కరువు!

ఏడేళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టమంటే 1/48 ఒకటే కొంటాను, మిగతావన్నీ 1/72. రంగుల విషయంలో తోక మీద పెద్ద బొమ్మలున్న పాత తీరుకన్నా, బూడిద మీద బూడిద ఉండే తర్వాతి కాలపు నేవీ తీరు నయం. ఓడ మీద విమానాలకి ఉప్పు తుప్పు పట్టకుండా ఎక్కడికక్కడ రంగు అతుకులు వేస్తుంటారు, కాళ్ల ముద్రలు పడుతుంటాయి. మన చేతి తప్పులన్నీ ఆ అతుకుల్లో కలిసిపోతాయి.

ఇప్పుడు మంచం కింద 1/72 మిగ్-29కె పెట్టె ఉంది. సీ హారియర్ తర్వాత మన నేవీ నడిపేది ఇదే. మొన్న మేనల్లుడు వచ్చి పెట్టె మీద బొమ్మ చూసి “మావయ్యా, దీని రెక్కలు చాపి పెడతావా, మడిచి పెడతావా?” అన్నాడు. టేపు తెమ్మన్నాను. చాపితే 17 సెంటీమీటర్లు, మడిస్తే 11. సీ హారియర్‌కీ గోడకీ మధ్య ఉన్న జాగా 12.