చెకుముకి తుపాకితో అడవిలో: ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

పెన్సిల్వేనియాలో క్రిస్మస్ మర్నాడు మొదలై జనవరిలోకి సాగే జింకల వేట సీజన్ ఒకటుంది. 1974లో పెట్టారు. ఆ సీజన్ లైసెన్సు మీద వేటాడాలంటే మందూ గుండూ గొట్టం మూతిలోంచి దట్టించి, చెకుముకి రాయి రవ్వతో పేల్చే ఫ్లింట్‌లాకే కావాలి. రాయికి బదులు చిన్న లోహపు టోపీ మీద దెబ్బతో పేలే పెర్కషన్ క్యాప్ తుపాకి కూడా పనికిరాదు. ఆ సీజన్ కోసమే .50 క్యాలిబర్ (అంటే గొట్టం రంధ్రం అర అంగుళం) లాంగ్ రైఫిల్ కొన్నాను. 18వ శతాబ్దంలో ఇదే రాష్ట్రంలోని లాంకస్టర్ చుట్టుపక్కల స్థిరపడ్డ జర్మన్ పనివాళ్లు చేసిన తుపాకులకు నకలు ఇది. 42 అంగుళాల ఎనిమిది పలకల గొట్టం, మేపుల్ కర్ర. చాలా శీతాకాలాలు దీనితో రాత్‌రాక్ స్టేట్ ఫారెస్ట్ కొండల్లో గడిపాను.

దీనికున్నది ఒక్క దెబ్బ. గురి తప్పితే మళ్లీ దట్టించేలోపు జింక లోయ దిగిపోతుంది. పైగా మామూలు ఇనుప సైట్లతో 50 గజాలు దాటితే నా గురి మీద నాకు నమ్మకం లేదు. అంతకంటే దూరంలో కనబడ్డ జింక ఏదైనా నా లెక్కలోకి రాదు. స్కోప్ రైఫిల్ పట్టుకు తిరిగిన రోజుల్లో ఎదుటి కొండవాలంతా వెతుకుతూనే ఉండేవాణ్ణి, కళ్లకు తీరికుండేది కాదు. ఇప్పుడు హెమ్లాక్ చెట్టు మొదట్లో కూర్చుని, చుట్టూ ఉన్న ఆ కాస్త మేరే చూస్తాను. కాసేపటికి చికడీ పిట్టలు నన్ను పట్టించుకోవడం మానేసి పక్క కొమ్మ మీదే వాలతాయి. ఉడుత ఎండుటాకుల్లో గబగబా పరిగెత్తి ఆగుతుంది. జింక రెండడుగులు వేసి, ఎంతసేపటికీ మూడోది వెయ్యదు. ఆ తేడా చెవికి పట్టుబడేసరికి పొద్దెక్కుతుంది. వారమంతా తలలో తిరిగిన ఆఫీసు గొడవ ఎప్పుడు సద్దుమణిగిందో కూడా తెలియదు. ఈ ప్రశాంతత కోసమే తుపాకి తీసుకుని బయల్దేరతాను.

మనిషిని నిదానంగా ఉంచేది ముఖ్యంగా ప్యాన్‌లోని మందు. గొట్టం పక్కన, చిన్న రంధ్రం ముందు ఉండే గుంట అది. అందులో మెత్తటి 4ఎఫ్ మందు (ఎఫ్‌లు పెరిగేకొద్దీ పొడి సన్నన) చిటికెడు పోసి, ఫ్రిజెన్ అనే ఉక్కు మూత దించుతాం. మంచు కురిసే రోజైతే గంటకోసారైనా ఎత్తి చూడాలి. మందు పొడిగా జారుతుంటే సరే. ముద్దకట్టిందా, గుడ్డతో తుడిచి, సన్నటి తీగతో రంధ్రం శుభ్రం చేసి, కొత్తది పోసుకోవాలి. నోటితో మాత్రం ఊదకండి, ఊపిరిలోనే తేమ ఉంటుంది. గ్లవ్ తీసి, వేళ్లు కొంకర్లు పోతుండగా ఇదంతా చప్పుడు కాకుండా చెయ్యాలి. మొదట్లో విసుగనిపించిన ఈ పనే ఇప్పుడు నాకు చాలా ఇష్టం.

గొట్టంలోకి 3ఎఫ్ మందు 70 గ్రెయిన్లు (సుమారు నాలుగున్నర గ్రాములు), దాని మీద కొవ్వు రాసిన గుడ్డలో చుట్టిన .490 సీసపు గుండు, కడ్డీతో అడుగంటా దిగేదాకా. గుండు పూర్తిగా దిగిందని తెలిసేలా కడ్డీ మీద గీత గీసుకోండి. గుండు మందుకు ఆనకుండా మధ్యలో ఆగితే గొట్టం చీలే ప్రమాదం ఉంది.

ట్రిగ్గర్ నొక్కాక రాయి గీరడం, ప్యాన్ భగ్గుమనడం, గొట్టం పేలడం మంచి లాక్‌లో (రాయిని కొట్టి రవ్వ పుట్టించే యంత్రభాగం) ఒక్క చప్పుడుగానే వినిపిస్తాయి. తేమ రోజున విడివిడిగా వినిపిస్తాయి. ముఖం పక్కనే మంట లేచినా కన్ను గురి మీదే ఉంచడం రావాలి. కళ్లద్దాలు లేకుండా పేల్చవద్దు. తర్వాత తెల్లటి పొగ అడ్డం నిలుస్తుంది. అది తొలగేదాకా గుండు తగిలిందో లేదో కనబడదు, చెవులు రిక్కించి వినడం తప్ప.

ఇబ్బందులు లేకపోలేదు. నాలుగు కిలోల బరువు, పొదల్లో తట్టుకునే పొడవు. పెద్ద వాన పడితే ఇంటికి పోవడమే. ఒక్కసారి పేల్చినా ఆ రాత్రే కడగాలి. సూరేకారం, గంధకం, బొగ్గు కాలిన మసి గాల్లోని తేమ పీల్చుకుని ఇనుమును తినేస్తుంది. రంధ్రానికి పుల్ల బిగించి, సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్లు పోసి, ఆడించి పారబోస్తే వచ్చే నల్లనీళ్లది కుళ్లిన గుడ్ల కంపు. మా ఇంట్లో ఈ పని గరాజ్‌లోనే. తర్వాత ఆరబెట్టి నూనె పట్టించాలి.

ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం కాబట్టి ఈ సలహాలు ఇక్కడ అమెరికాలో ఉన్న మనవాళ్లకే. ఏటా ఫ్రీజర్ నిండా మాంసం కావాలనుకునేవారు మామూలు రైఫిల్ సీజన్‌లో వెళ్లడం మేలు. అడవిలో ఉండటమే ముఖ్యమనుకునేవారికి దీన్ని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. డబ్బు లాక్ మీద పెట్టండి, కర్ర మీద నగిషీ లేకపోయినా లోటు లేదు. కొనేముందు తుపాకి ఖాళీగా ఉందని కడ్డీ దించి చూసుకుని, మందు పొయ్యకుండా, కొంచెం చీకటిగా ఉన్న చోట లాక్ ఆడించి చూపమనండి. రవ్వలు ప్యాన్‌లోకే దండిగా రాలాలి. అటూ ఇటూ చెదిరితే ఇంకొకటి చూపించమనండి.